పుతళీ కాసు మీద తోక

మొన్న మా మనవరాలు నన్ను బ్రాడీపేటలో ఒక నగల కొట్టుకి వెంటబెట్టుకుని వెళ్లింది. మా పెద్దమ్మ మెడలో ఉండిన కాసుకి కొక్కెం ఊడిపోయింది, వేయించాలి. కొట్టాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "అంచు వంకరగా ఉందండి తాతగారూ. కత్తిరించి గుండ్రం చేయించమంటారా, కరిగించి కొత్తది చేయించమంటారా?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సుత్తితో కొట్టి చేసిన కాసు వంకరగా కాక, మిషన్లో దిగిన చొక్కా గుండీలా ఉంటుందా?

మావైపు దాన్ని పుతళీ అనేవారు. ఎండిన మిరపతొక్కలా పల్చన. దాని మీద ఒకాయన నిలబడి ఉంటాడు, ఆయన ముందు ఇంకొకాయన మోకాళ్ల మీద. ఆ కూర్చున్నాయన తల మీదుగా అంచుదాకా ఏదో వంపు తిరిగి ఉంటుంది. పెద్దమ్మకి అది తోక. ఇంకేముంది, రాములవారూ ఆంజనేయస్వామీ. శ్రీరామనవమినాడు కాసుకి నైవేద్యం పెట్టాకే మాకు పానకం దక్కేది. ఒక ఏడు మిర్చి బాగా పండితే, కాసులపేరు చేయించడానికి కంసాలి ఆచారిని ఇంటికే పిలిపించింది. వసారాలో కుంపటి ముందు కూర్చుని ఆయన కత్తెర తీశాడు. "అన్నీ గుండ్రంగా ఉన్నాయమ్మా, ఇదొక్కటే దిష్టిబొమ్మలా ఉంది. అంచు కాస్త తీసేస్తా." కళ్లంలో మిరపకాయలు ఎగదోస్తున్న పెద్దమ్మ ఎర్రటి చేతులతోనే వచ్చి నిలబడింది. "తీసెయ్. తోక పోయాక ఆయన్ని ఏవని పిలవాలి ఆచారీ, నీ పేరు పెట్టి పిలవనా?" ఆచారి నవ్వి కత్తెర కింద పెట్టాడు.

నా బడి ఐదో తరగతితో సరి. మిగతాదంతా అద్దంకి గ్రంథాలయంలో సొంతంగా కూడబలుక్కున్నదే. అక్కడే ఒక పుస్తకంలో అచ్చం ఈ బొమ్మే కనిపించింది. ఇటలీలో వెనిస్ అనే రేవుపట్నం కాసట. నిలబడ్డాయన ఆ ఊరిని కాచే సాధువు, మోకాళ్ల మీదున్నది ఏలేవాడు, తోక అనుకున్నది జెండా గుడ్డ. ఇంటికొచ్చి చెబితే పెద్దమ్మ పత్తి వలుస్తూ, "ఏలేవాడు మోకాళ్ల మీదున్నాడా? అయితే మంచి ఊరేరా. మన ఆంజనేయులు అక్కడా ఉన్నాడన్నమాట" అంది.

ఆ కాసు మా ఇంటికెలా చేరిందో నాకు తెలియదు. మోటుపల్లి రేవు మాత్రం మాకు దగ్గరే. ఒకప్పుడు మా నేతబట్ట కోసం ఎక్కడెక్కడి ఓడలో అక్కడికి వచ్చేవి. మేం వెతుక్కుంటూ పోలేదు, వాళ్లే వచ్చారు.

ఇదంతా కొట్టాయనకి అప్పజెప్పబోయాను. ఈలోగా మా మనవరాలే కాసు అందుకుని, "కొక్కెం ఒక్కటే వెయ్యండి. అంచు ముట్టుకుంటే తోక తెగుద్ది" అంది. "తోకేంటమ్మా?" అన్నాడాయన. పెద్దమ్మని ఎన్నడూ చూడని పిల్ల, గోటితో తడిమి చూపించింది. ఆ కాసు మీద ఏలినవాడి పేరు అరిగిపోయింది, ఊరి పేరూ అరిగిపోయింది. మా పెద్దమ్మ పెట్టిన తోకని మాత్రం కాలం ఇంకా అరగదీయలేదు.