కరుణాకర్ తేలిక చేసిన బండి

నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. పేరు కైలాసం. కరీంనగర్ నుంచి మంచిర్యాల దాకా ఏ గుంత ఎక్కడుందో, ఏ పెద్దమనిషి తన ఇంటి ముందు ఎంతెత్తు స్పీడు బ్రేకరు పోయించుకున్నాడో నాకు కంఠతా వచ్చు. అందుకే బండ్ల గురించి నాకెవరైనా పాఠం చెప్పబోతే ఒళ్లు మండుతుంది. నేను నోరు మూసుకుని విన్నది ఒక్క కరుణాకర్ మాటే. అదీ ఒక్కసారే.

కరుణాకర్ వెల్డింగ్ షెడ్డు మా ఇంటికి ఎదురుగానే. నన్ను కాకా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, వరస కలుపుకున్నాడు. వాళ్లది చొప్పదండి పక్కన పల్లె. పదో తరగతి తప్పి, కరీంనగర్ వచ్చి గేట్లు, కిటికీలు అతికించడం నేర్చుకుని, ఊళ్లో సగం మందిలాగే గల్ఫ్‌కు పోయాడు. మిగతా వాళ్లు అక్కడ బిల్డింగులు కడుతుంటే ఇతనికి షార్జాలో ఇసుక మీద ఉరికే బండ్లు తయారుచేసే షెడ్డులో పని దొరికింది. తిరిగొచ్చేటప్పుడు పానాలు, షాకబ్జార్బర్లు సంచులనిండా మోసుకొచ్చాడు. భార్య జమున మా ఇంటికొచ్చి, "చీరలు తెస్తడనుకున్న మామా, చూస్తే ఇనుప సామాను తెచ్చిండు" అని పడీపడీ నవ్వింది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో చప్పుడంటే వెల్డింగు చప్పుడు, ఈమె నవ్వు, అంతే.

కొన్నాళ్లకు పుణె నుంచి పెట్టెల్లో ఒక కారు దిగింది. కారంటే ముక్కలు ముక్కలుగా పైపులు, రేకులు, బోల్టులు. కిట్ కారు అంటారట, తెచ్చుకున్నవాడే ఇంట్లో బిగించుకోవాలి. పాత కారు ఇంజనొకటి సంపాదించి దానికి తగిలించాడు. తలుపుల్లేవు, పైన కప్పు లేదు. ఎముకల గూడులా ఉందని వాడకట్టంతా దాన్ని బొక్కల బండి అన్నారు, నేనన్న మాట ఇక్కడ రాయలేను. ఆదివారం పూట జమునను పక్కన కూర్చోబెట్టుకుని మానేరు కట్ట దాకా తిప్పుకొచ్చేవాడు. ఆమె ముఖానికి కొంగు చుట్టుకుని వెళ్లి, నెత్తినిండా దుమ్ముతో దిగేది. మళ్లీ ఆదివారం ముందుగా ఎక్కి కూర్చునేదీ ఆమే.

ఆ ఆదివారాలు ఎక్కువ రోజులు సాగలేదు. జమునకు రొమ్ములో క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేశారు, బయటపడింది అనుకున్నాం. తర్వాత నడుం నొప్పి మొదలైంది. వెన్నుపూసలకు పాకిందనీ, ఇక చేసేదేమీ లేదనీ, ఇంట్లోనే ఉంచుకుని నొప్పికి మందులు వేయమనీ డాక్టర్లు చెప్పి పంపారు. లేచి కూర్చోలేని మనిషైపోయింది. వెల్లకిలా కదలకుండా పడుకుంటే కాస్త నయం. ఎవరి కాలైనా మంచం కోడుకు తగిలితే పళ్లు బిగపట్టి కళ్లు మూసుకునేది. నవ్వే మనిషి అలా పళ్లు బిగపట్టడం నేను చూడలేకపోయేవాణ్ని.

ఆమె కోరింది ఒక్కటే. మంచిర్యాలలో ఉన్న వాళ్లక్క వినోదను చూడాలి. తల్లి చిన్నప్పుడే పోతే జమునను పెంచింది ఆ అక్కే. వినోద పక్షవాతంతో మంచంలో ఉంది, తను కదిలి రాలేదు. ఫోనులో వీడియో పెట్టి చూపిస్తే జమున ఇటు తిరిగి పడుకుంది. "గది చూసుడైతదా మామా? చెయ్యి పట్టుకోవాలె" అంది.

కరుణాకర్ అంబులెన్సు మాట్లాడాడు. ఊరు దాటారో లేదో ఆమె కేకలకు వెనక్కి తిప్పుకొచ్చారు. ఆమెను ఎత్తుకుని ఇంట్లోకి తీసుకెళుతున్న కరుణాకర్ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కప్పుకోవడానికి అంబులెన్సు డ్రైవరు మీద అరిచాను. పాపం, అతని తప్పేం లేదు.

మర్నాడు పొద్దున చూస్తే కరుణాకర్ తన బొక్కల బండిని జాకీల మీద ఎత్తి చక్రాలు విప్పుతున్నాడు.

"పెద్ద బండ్లకు స్ప్రింగులు బరువు మోసేతందుకు పెడ్తరు కాకా. గందుల ఒక్క మనిషిని పండవెడితే బండ మీద పండవెట్టినట్టే. నా బండిల మంచం కడ్త" అన్నాడు.

"నీ బండి గంతకన్న ఘోరం గదరా! మొన్న కట్ట మీద నా పండ్లు రాలినంత పనయింది."

"అవు. గదెందుకో చెప్త, జర ఇది లేపు" అని విప్పిన చక్రం నా ముందుకు దొర్లించాడు. నాకు మోకాలెత్తు కూడా లేవలేదు. "గీ చక్రం, టైరు, బ్రేకు డ్రమ్ము, ఇవన్నీ స్ప్రింగుకు కింద ఉంటయి. గుంతల పడంగనే గీ బరువే ఎగిరి పైకి తంతది. పైన బండి బరువుంటే అణిచి పెడ్తది. నా బండి పైన అల్కగున్నది, బరువే లేదు. కింద నేను జీపు చక్రాలేసిన. ఇగ తన్నదా? కింద గుడ అల్కగ చేస్తే చక్రం గుంతల దిగి మెల్లగ లేస్తది, పైన పండుకున్నోళ్లకు ఎరుకే కాదు."

ఇన్నేళ్లు బస్సు నడిపాను, వెనక సీట్ల వాళ్లు నన్ను ఎందుకు తిట్టుకునేవాళ్లో ఆరోజు అర్థమైంది.

గుద్దుకుని తుక్కుకు పోయిన ఒక చిన్న కారు నుంచి అల్యూమినియం చక్రాలు పట్టుకొచ్చాడు. ఇనుప డ్రమ్ములు తీసేసి పల్చటి డిస్కు బ్రేకులు బిగించాడు. బ్రేకుల జోలికి పోతే నేను ఊరుకోను కదా, గట్టిగానే తిట్టాను. "ఉరికే బండి కాదు గద కాకా, నడిపేది నువ్వు. సైకిలోళ్లను గుడ దాటవు" అన్నాడు. ఖాళీ రోడ్డు మీద నేనే పదిసార్లు తొక్కి చూశాను, బ్రేకు బాగానే పట్టింది. స్ప్రింగులు మార్చి మెత్తటివి వేశాడు. ఎడమ సీటు పీకేసి నవారు మంచం అమర్చి, పైన కప్పు కట్టాడు.

తర్వాత అరవై కిలోల ఇసుక తూచి, సంచుల్లో నింపి ఆ మంచం మీద పొడుగ్గా పరిచాడు. సంచుల పక్కన అంచుదాకా నీళ్లు నింపిన చెంబు పెట్టాడు. నేను నడిపాను. అతను బైకు మీద వెనకాలే వస్తూ చక్రాలనే చూస్తున్నాడు. నీళ్లు ఒలికితే రాత్రంతా కూర్చుని ఆ ఇసుక బరువుకు తగ్గట్టు స్ప్రింగు బిగువు సవరించేవాడు, మర్నాడు మళ్లీ తిప్పేవాళ్లం. చివరికి ఒక శనివారం స్పీడు బ్రేకర్లన్నీ దాటి వచ్చినా చెంబు నిండుగా అలాగే ఉంది. ఆ చెంబు తీసుకుని లోపలికి ఉరికాడు. "సుక్క పోలే జమునా!" అన్నాడు. ఆమె చెంబులో వేలు ముంచి చూసుకుని నవ్వింది. ఎన్ని రోజులైందో ఆ నవ్వు చూసి. ఇక అక్కను చూసినట్టే అనుకున్నాం ముగ్గురమూ.

మర్నాడు ఆదివారం తెల్లవారగానే బయలుదేరాం. కరుణాకరే ఆమెను ఎత్తుకొచ్చి పడుకోబెట్టి, బైకెక్కి వెనక బయలుదేరాడు. దుర్శేడు దగ్గర మొదటి స్పీడు బ్రేకరు. కోడిగుడ్డు మీద ఎక్కించినట్టు ఎక్కించాను. జమున "అవ్వా" అంది. పాత నొప్పే అనుకుని ఇంకా నెమ్మది చేశాను. తర్వాత గుంతలో ఇంకా గట్టిగా అరిచింది. సుల్తానాబాద్ వచ్చేసరికి "ఆపు మామా, నా తోని కాదు" అని ఏడ్చేసింది.

కరుణాకర్ బైకు పడేసి బండి కిందికి దూరాడు. నాలుగు చక్రాలూ తిప్పి చూశాడు. బోల్టులు, స్ప్రింగులు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నిన్న నీళ్లు ఒలకని బండి ఇవాళ మనిషిని ఎందుకు తంతోంది? నేను మంచం పట్టె మీద చెయ్యి ఆన్చి అదిమి చూశాను. కింది స్ప్రింగు బిగుసుకుని, పైన ఎవరూ లేనట్టే ఉంది. దాన్ని సవరించింది ఇసుక బరువుకు, పైన అంత బరువు లేకపోతే అది వంగదు, తంతుంది.

"ఇసుక ఎంత పోసినవురా?"

"అరవై కిలోలు."

"గా లెక్క యాడిది?"

"జాతరల తూగిందే కాకా" అన్నాడు మెల్లగా.

సమ్మక్క జాతరలో బెల్లాన్నే బంగారం అంటాం. మొక్కుకున్న మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి, ఎంత తూగితే అంత బెల్లం తల్లికి ఇస్తాం. ఆపరేషన్ గట్టెక్కితే జమున ఎత్తు బంగారం ఇస్తానని కరుణాకర్ మొక్కాడు. మేడారంలో ఆమె తక్కెడలో కూర్చుని నవ్వుతుంటే నేనూ పక్కనే ఉన్నాను.

"గా జాతరై ఏడాది దాటిపాయె గదరా! గప్పటి జమున గిప్పుడుందారా?" అని అరిచేశాను.

పక్కనే పడుకుని ఆమె వింటోందన్న సంగతి నోరు జారాక గుర్తొచ్చింది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. కరుణాకర్ బండి కింద నుంచి బయటికొచ్చాడు. రోడ్డు పక్కన ఇల్లు కడుతున్నవాళ్ల ఇసుక కుప్ప ఉంటే దానివైపు చూస్తూ, "ఒక సంచిల నింపి పక్కన పెడుదామా?" అన్నాడు.

"గాయిన్ని ఏమనకు మామా" అంది జమున. కళ్లు తుడుచుకుని మొగుడివైపు చూసింది. "నా పక్కకు ఇసుకెందుకు? నువ్వొచ్చి కూసో."

బైకును హోటల్ ముందు వదిలేశాం. కరుణాకర్ మంచం చివర ముడుచుకుని కూర్చుని, ఆమె కాళ్లు ఒళ్లో పెట్టుకున్నాడు. బండి మెత్తగా కిందికి దిగింది. ఆ తర్వాత మంచిర్యాల దాకా జమున ఒక్కసారి కూడా అరవలేదు. గోదావరి వంతెన మీద మాత్రం ఆపమంది. నీళ్లు చూసి, చాలు పొమ్మంది.

వినోద ఇంట్లో ఆ అక్క పక్కనే ఈమెను పడుకోబెట్టాడు. వినోదకు కుడి చెయ్యి ఒక్కటే ఆడుతుంది. ఆ చేత్తో చెల్లెలి చెంపలు, భుజాలు, మణికట్టు తడిమి తడిమి చూసింది. "ఏమే, సగమే అచ్చినవు? మిగిలిన సగం యాడ ఇడిసిపెట్టినవే?" అని భోరుమంది. జమున ఆ చెయ్యి పట్టుకుని సాయంత్రం దాకా వదల్లేదు. ఆ ఇద్దరూ మళ్లీ కలుసుకోలేదు. బతుకమ్మ పండుగ రాకముందే జమున పోయింది.

ఆరోజు మంచిర్యాలలో నేను, కరుణాకర్ బయట అరుగు మీద కూర్చున్నాం. లోపల అక్కాచెల్లెళ్ల మాటలు వినబడుతున్నాయి. నా మనసులో మాట ఆపుకోలేకపోయాను.

"పొద్దుమాపు ఎత్తుకునేటోనివి నువ్వే గదరా. నీకు తెల్వకపోవుడేంది?"

అతను తన అరచేతులవైపు చూసుకున్నాడు.

"తెల్వదా కాకా? దినాం గీ చేతులల్లనే గద అల్కగయింది. సంచిలకెల్లి ఇసుక తియ్యాలనే కూసున్న. ఒక్క దోసెడు తీసిన. నా జముననే తీసి కింద పోస్తున్నట్టనిపిచ్చింది. మళ్ల సంచిలనే పోసిన. తక్కువ చేసేతందుకు చేతులు రాలే కాకా."