మేడం సన్నబడిన ఏడాది

మా సూపర్‌వైజర్ మేడం పోయిన ఆదివారం పొద్దున మహబూబాబాద్‌లో, తన చెల్లెలి ఇంట్లో కన్నుమూశారు. నాకు ఆ మాట చెప్పింది మాతో కలిసి పనిచేసే స్టాఫ్ నర్సు. ఫోన్‌లో కాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక, "ఏం రోగమో ఏమో గని అక్కా, ఆఖరికి మనిషి మాత్రం సన్నగ మంచిగయింది" అంది. నేను ఫోన్ పెట్టేశాను. కోపం వచ్చి కాదు. ఆ మాట నేనూ అన్నదాన్నే.

నేను ఏఎన్‌ఎంను. తండాలు తిరిగి పిల్లలకు టీకాలు వేయడం, గర్భిణుల బరువు, రక్తం చూడటం నా పని. నాలాంటి ఎనిమిది మంది మీద ఆమె సూపర్‌వైజర్. పుట్టింది జఫర్‌గఢ్ దగ్గర, ఉద్యోగమంతా ఇటువైపే. భర్త నడివయసులోనే పోయారు, పిల్లలు లేరు. పంతొమ్మిదేళ్లు ఆమె చేతి కింద పనిచేశాను. మా మండలం పేరు, మనుషుల పేర్లు ఇక్కడ రాయను. ఇందులో తప్పు చేసిన వాళ్లం చాలామందిమి ఇంకా బతికే ఉన్నాం.

మేడం లావు మనిషి. ఆటోలో ఆమె ఎక్కితే పక్కన ఇంకొకరే పట్టేవారు. ఆఫీసు మెట్లు పన్నెండు. ఆరో మెట్టు దగ్గర ఆగి, చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు నటించి, ఊపిరి పీల్చుకుని మళ్లీ ఎక్కేవారు. ప్రభుత్వం పేదలకు రెండు పడకగదుల ఇళ్లు కట్టిస్తామన్న రోజుల్లో ఆమెకు మాలో ఒకరు 'డబుల్ బెడ్రూం' అని పేరు పెట్టారు. ఆ పేరు నిలిచిపోయింది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆమె అసలు పేరు తెలియకముందే అది తెలిసేది. ఆ పేరు పెట్టింది నేను.

ఆమెకు యాభై ఆరేళ్లప్పుడు కొత్త డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, హుషారైనవాడు. నెల మీటింగులో బీపీ, షుగరు గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ, మూలనున్న బరువు మిషన్‌ను కాలితో మధ్యకు జరిపాడు. "జనానికి చెప్పే ముందు మన సంగతి చూసుకుందాం. ముందు మీరు ఎక్కండి మేడం" అన్నాడు. ముప్పై మందిమి ఉన్నాం. ఆమె చెప్పులు విడిచి, పక్కపక్కన పెట్టి, మిషన్ ఎక్కారు. డాక్టరు వంగి చూసి, అంకెను గట్టిగా చదివాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను రిజిస్టరు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆమె దిగి, చెప్పులు వేసుకుని, "సరే సార్, రాసుకోండ్రి" అని తన కుర్చీలో కూర్చుని మిగతా మీటింగంతా నోట్సు రాసుకున్నారు.

ఆ మరుసటి వారమే స్టాఫ్ నర్సు అమ్మే, బరువు తగ్గించే డబ్బా పొడి మొదలుపెట్టారు. పొద్దున ఒక గ్లాసు, రాత్రి ఒక గ్లాసు, మధ్యలో కీరదోసకాయ ముక్కలు. మూడు నెలల్లో మనిషి సగమైంది. మేమంతా చుట్టూ చేరి వదులైన జాకెట్టు పట్టి చూసి మెచ్చుకున్నాం. దువ్వెన నిండా జుట్టు రాలుతోందని ఆమె చెబితే ఎవరమూ వినలేదు. ఎండాకాలం ఒకరోజు, బయ్యారం దారిలో ఒక తండాకు టీకాల పెట్టె పట్టుకుని నాతో నడుస్తూ, మాట మధ్యలో కూలబడిపోయారు. కుడి మణికట్టు విరిగింది. పిండికట్టుతో ఆఫీసుకు వస్తే, "చెయ్యి ఇరిగితె ఇరిగింది గని మేడం, పదేండ్లు తగ్గినట్టు కొడుతున్నరు" అన్నాం. అందులో ఎగతాళి లేదు. నిజంగానే మెప్పు. పొడి ఆపాక ఆరు నెలల్లో పోయిన బరువంతా తిరిగొచ్చింది, ఇంకాస్త వెంటబెట్టుకుని. అప్పుడెవరూ జాకెట్టు పట్టి చూడలేదు.

ఆ తర్వాత ఆమె చేసిన పనే నేను బతికున్నంత కాలం తలచుకోవాల్సింది.

మా ఉద్యోగాల్లో తిండి ఎట్లా ఉంటుందంటే, పొద్దున ఇంట్లో అందరికీ వండి, మనం ఒక చాయ్ తాగి బస్సెక్కుతాం. మధ్యాహ్నం తండాలో ఉంటాం. నాలుగింటికి ఆకలికి కళ్లు తిరుగుతుంటే బస్టాండులో మిరపకాయ బజ్జీలు, చక్కెర ఎక్కువ వేసిన చాయ్. రాత్రి తొమ్మిదింటికి గిన్నె అడుగున మిగిలిన అన్నమంతా. మేడం దాన్ని మార్చారు. ఒంటి గంటకు ఎక్కడుంటే అక్కడ కూర్చుని డబ్బా విప్పేవారు. రెండు జొన్నరొట్టెలు, గట్టిగా వండిన పప్పుకూర, ఒక ఉడికిన గుడ్డు. డాక్టరు పిలిచినా, "తింటున్న సార్, పదిహేను నిమిషాలు" అనేవారు. బస్సు దిగి ఆటో ఎక్కకుండా నడిచేవారు. ఆఫీసులో రెండు లీటరు నీళ్ల సీసాలు చెరో చేత్తో పట్టుకుని పదిసార్లు పైకి లేపేవారు. మేము నవ్వితే, "నవ్వున్రి. అరవై దాటినంక బాత్రూంల కూసుంటె లేపనీకి మీరొస్తరా?" అని అడిగారు.

రెండేళ్లలో తగ్గింది ఐదారు కిలోలు. చూసేవాళ్లకు ఏమీ తెలియలేదు. ఎవరూ ఒక్క మాట మెచ్చుకోలేదు. కానీ షుగరు అదుపులోకి వచ్చింది. పన్నెండు మెట్లూ ఆగకుండా ఎక్కేవారు. ఆమెను చూసి నేనూ అట్లాగే తినడం మొదలుపెట్టి, నాకెందుకు ఇంత నెమ్మదిగా తగ్గుతోందని గొణిగితే, "పెరగనీకి ముప్పై ఏండ్లు పట్టింది. ముప్పై దినాలల్ల పొమ్మంటె యాడికి పోతది బిడ్డా?" అన్నారు.

నలభై ఐదు దాటిన మా అందరికీ ఆమె బరువు చూడటం మొదలుపెట్టారు. ఒక్కొక్కరినే గదిలోకి పిలిచి, తలుపు గడియ పెట్టి, అంకెను పైకి చదవకుండా ఒక చిన్న నోటుబుక్కులో రాసుకునేవారు. మొదటిసారి నా వంతు వచ్చినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఆమె అడగలేదు. "ఇది నీ మోకాళ్ల కోసం, ఎవలి కండ్ల కోసం కాదు" అన్నారు. పిల్లల విషయంలో మాకు నేర్పిన సూత్రాన్నే మాకూ చెప్పారు: "మనం తగ్గియ్యంది తగ్గిందనుకో, సంబురపడొద్దు. అడగకుండ పోయిన కిలో ఉంటె దవాఖానకు ఉరకాలె."

రిటైరయ్యే ఏడాది ఆమె సన్నబడ్డారు. ముందు ముఖం, తర్వాత మెడ, తర్వాత చేతులు. డబ్బాలో అవే రెండు రొట్టెలు. ఒక్కోరోజు ఒకటి మిగిల్చి కుక్కకు వేసేవారు. నేను చూశాను. మేమంతా ఆరోగ్యశాఖ వాళ్లం. బరువులు చూడటం మా కొలువు. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. డాక్టరు కూడా మీటింగులో లేచి నిలబడి, "మన మేడంను చూసి నేర్చుకోండి" అన్నాడు. ఈసారి అందరం చప్పట్లు కొట్టాం. ఆమె తలొంచుకుని నవ్వారు. ఆమెను అట్లా సిగ్గుపడగా చూడటం నాకదే మొదలు.

చివరి నెలలో తండాలకు చెప్పి రావడానికి వెళితే, ఒక ముసలమ్మ ఆమె ముంజేయి పట్టుకుని తిప్పి చూసింది. ఇంట్లో లంబాడీ తప్ప మాట్లాడని మనిషి. కష్టపడి తెలుగు కూడదీసుకుని, "ఏమైంది బాయీ? గిట్ల ఎండిపోయినవ్. సూపించుకో" అంది. నేనే ఆమెను కసిరాను. "మంచిగ తగ్గినవని చెప్పక, గవేం మాటలు అవ్వా?" అన్నాను. మేడం ముంజేయిని కొంగు కింద దాచుకున్నారు.

వీడ్కోలు సభకు ఊదారంగు పట్టుచీర కట్టుకొచ్చారు. మొదటిసారి చీర ఆమె మీద నిలవక జారుతుంటే పిన్నులు పెట్టాం. అందరూ ఫోటోలు దిగారు. నేను చెవి దగ్గరికి పోయి, "ఏం తింటున్నరు మేడం? నాక్కూడ జర చెప్పున్రి" అని అడిగాను. ఆమె నా చెంప నిమిరి, "నువ్వు తినేదే తిను బిడ్డా" అన్నారు.

ఆ తర్వాత రెండు వారాలకు కళ్లు పచ్చబడ్డాయి. వరంగల్‌లో పరీక్షలు చేసి, క్లోమంలో గడ్డ అనీ, కాలేయం దాకా పాకిందనీ చెప్పారు. ముందే వస్తే ఏమన్నా చేసేవాళ్లమేమో అన్నారు. 'ఏమో' అన్న ఆ ఒక్క మాట ఆమె చెల్లెలిని ఇప్పటికీ నిద్రపోనివ్వడం లేదు.

నేను చివరిసారి చూడబోయినప్పుడు మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నారు. మనిషి పరుపులో గుంత కూడా చేయడం లేదు. చెల్లెలు జావ తెచ్చేందుకు లోపలికి పోయాక, "డబుల్ బెడ్రూం కూలింది బిడ్డా" అన్నారు.

నాకు భూమిలోకి పోయినట్టయింది. ఆ పేరు ఆమె దాకా పోయిందని నేనెన్నడూ అనుకోలేదు.

"ఎవలు పెట్టిన్రో గూడ ఎర్కనే. ఊకో" అన్నారు. కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ చెప్పారు. "అది కాదు నా బాధ. నాకు తెల్సు. మూడో కిలో పోయినప్పుడే తెల్సు, అడగకుండ పోతున్నదని. ఆ ముసలమ్మ అన్నంక మరీ తెల్సు. దవాఖాన చీటీ రాసుకున్న, పొద్దుగాల పోదామని. ఆఫీసుకు వస్తె మీరందరు మంచిగున్నరు మంచిగున్నరు అంటిరి. ఆ పొడి తాగిన దినాలు ఇడిస్తె, అరవై ఏండ్లల్ల ఎవ్వలు అనలే నన్ను గా మాట. జర నెల దినాలు ఉండనియ్యి, రిటైర్మెంటు ఫోటోలు దిగినంక పోదమనుకున్న."

నేను ఆమె కాళ్లు పట్టుకున్నాను. ఆమె ఓదార్చలేదు, తిట్టలేదు. "ఒంటి గంటయితున్నది. తిన్నవా?" అని అడిగారు. తినలేదన్నాను. చెల్లెలిని పిలిచి నాకు అన్నం పెట్టించారు. తనకు మెతుకు దిగని మనిషి ముందు కూర్చుని, ఆమె చూస్తుండగా, పప్పుతో అన్నమంతా తిన్నాను. చారు కూడా పోయించారు.

ఆదివారం నేను వెళ్లేసరికి పాడె కడుతున్నారు. ఎత్తిన నలుగురిలో ఒకడు పక్కవాడితో, "అల్కగున్నది రా, ఇద్దరం సాలు" అన్నాడు. ఎవరూ వాణ్ని కసరలేదు. ఇన్నేళ్లూ మేమంతా ఆమె నుంచి కోరింది అదే కదా.

మర్నాడు చెల్లెలి ఇంటి వీధి మలుపులో స్టాఫ్ తరఫున శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టారు. ఊదారంగు పట్టుచీర, లోతుకుపోయిన బుగ్గలు, మెడ కింద తేలిన రెండు ఎముకలు. స్టాఫ్ నర్సు తాడు బిగిస్తోంది. ఈ ఫోటో ఎందుకు పెట్టారని అడిగాను. "పాతయి అన్ని లావుగున్నయి అక్కా. గిదొక్కటే మంచిగొచ్చింది" అంది.

నర్సు వెళ్లిపోయాక కూడా అక్కడే నిలబడ్డాను. రైలుకట్ట వైపు నుంచి గాలి లేచింది. ఫ్లెక్సీ వెనక గాలి నిండి, ఆ ముఖం ఒక్క క్షణం ఉబ్బి, వెడల్పయి, బుగ్గలు రెండూ నిండుగా పైకి తేలాయి. గాలి పోగానే గుడ్డ మళ్లీ కర్రల మధ్యకు పీక్కుపోయింది.