స్కానర్ కింద తాళం బొమ్మ

ఈ రోజు ఒక పాత స్కానర్ నన్ను మస్తు పరేషాన్ చేసింది.

తాండూరుల మా పక్కింటి మరియమ్మక్క బిడ్డకు నర్సింగ్ కాలేజీల సీటొచ్చింది. సర్టిఫికెట్లు సాయంత్రం ఐదింటిలోపు అప్‌లోడ్ చేయాలె. ఫోన్ల తీసిన ఫొటోలు మసకగున్నయని వెబ్‌సైట్ తీసుకోలే. మా అటక మీద స్కానర్ ఉన్నదని యాదికొచ్చి దింపిన.

మొదలు కంప్యూటర్ దాన్ని గుర్తే పట్టలే. యూఎస్‌బీ వైరు ముందటి నుంచి తీసి వెనక పెడితే పట్టింది. డ్రైవర్ వెతికి ఎక్కించిన. తీరా స్కాన్ నొక్కితే గరగరమని ఆగిపోయింది. డ్రైవర్ తీసేసి మళ్ల ఎక్కించినా గదే గరగర. అప్పటికే నాలుగున్నరయింది.

"గింత దుమ్ముంటే ఏడ పని చేస్తది?" అని మరియమ్మక్క గుడ్డ తెచ్చి స్కానర్‌ను తిరగేసి తుడవబట్టింది. జరసేపటికి ఆగి, "చెల్లే, గీడ తాళం బొమ్మ ఉన్నది. మూసి ఉన్నదేమో చూడు" అన్నది.

నిజంగనే మూసి ఉన్నది! మోసేటప్పుడు లోపలి లైటు కదలకుండ పెట్టే లాక్ అది. పక్కకు జరిపిన. ఐదుకు పది నిమిషాలుండంగ సర్టిఫికెట్లన్నీ ఎక్కినయ్.

"ఎట్ల కనిపెట్టినవ్ అక్కా?" అని అడిగిన.

"నాకు అక్షరాలు రావు గద చెల్లే, బొమ్మలే చూస్త" అని నవ్వింది.

నేను కంప్యూటర్ల డిప్లొమా చేసిన మనిషిని. మీరు గూడ గిట్ల ఎన్నడన్న దొరికిపోయిండ్రా? చెప్పుండ్రి, నాకు జర ధైర్యమొస్తది.