అవ్వ ఏరిన టమాటాలు

ఈ ఉదయం తమిళ సీమలోని ధర్మపురిలో, థెరపీ గదిలో, మా మనవరాలు ఎర్ర పూసలు ఒక గిన్నెలో, పచ్చ పూసలు ఇంకో గిన్నెలో వేస్తూ కూర్చుంది. కూర్చుంది అంటే నిజంగానే కూర్చుంది. బయట బల్ల మీద నుంచి చూస్తున్న నాకు మా ఇంటావిడ గుర్తొచ్చి, కళ్లు తుడుచుకోవలసి వచ్చింది.

ఐదేళ్ల పిల్లకు కుదురన్నదే ఉండేది కాదు. ముద్ద నోట్లో ఉండగానే వీధిలో తేలేది. బళ్లో కిటికీ మీద ఈగ వాలితే, పలక వదిలేసి దాని వెంటే పోయేది. అలాంటిది, పాలకోడు మార్కెట్‌కు పంపే టమాటాలు ఏరేటప్పుడు మాత్రం వాళ్ల అవ్వ, అదే మా ఇంటావిడ, పక్క నుంచి కదిలేది కాదు. "పండింది ఈ బుట్టకి, దోరది ఆ బుట్టకి. ఇది యా బుట్టకి పోవాల చెప్పు?" అని ఆవిడ అడుగుతూ, మధ్యమధ్యలో తన పుట్టింటి ఆవుల కథలు చెప్పేది. ఆ కథల్లో ఒక్క ఆవు కూడా తక్కువ పాలు ఇచ్చిన పాపాన పోలేదు.

ఇంట్లో తెలుగు, బయట తమిళం కావడం వల్లే పిల్ల ధ్యాస చెదురుతోందని ఎవరో అన్నారు. ఆ మాటను ఇంటికి మోసుకొచ్చింది నేనే. "ఇంకమీద పాపతో అరవమే మాట్లాడు" అన్నాను. ఆవిడ చేతిలోని టమాటాను బుట్టలో వేసింది. "సంతలో బేరానికైతే అరవం వస్తాది. బిడ్డను ఒళ్లో పెట్టుకోని దాంట్లో ఏం మాట్లాడేది?" అంది. అయినా నా మాట కాదనలేదు. మర్నాటి నుంచి టమాటాలు మౌనంగా ఏరింది. పిల్ల రెండు రోజులు చూసి లేచిపోయింది, మళ్లీ ఆ బుట్టల దగ్గరికి రాలేదు. అరవోళ్ల ఆడి నెల, మన ఆషాఢం, దాటకముందే ఆవిడ గుండె ఆగి కన్నుమూసింది, పిల్లతో మళ్లీ ఆవుల ఊసు ఎత్తకుండానే.

ఆ తర్వాతే, చేతి పనులతో పిల్లలకు కుదురు నేర్పే ఈ ఆక్యుపేషనల్ థెరపీ సంగతి తెలిసి పిల్లను ఇక్కడికి తీసుకొచ్చాను. మొదటి రోజే థెరపిస్టు అమ్మాయి పూసలు చూపించి, ఇంట్లో కూడా చేతికి ఇలాంటి పని ఇచ్చి, పక్కన కూర్చొని మాట్లాడుతూ ఉండమంది. ఏ భాషలో అని అడిగాను. పిల్లకు అలవాటైన భాషలోనే, దానివల్ల ధ్యాస ఏమీ చెదరదు అని తమిళంలో చెప్పింది. ఇదివరకు ఎవరైనా ఇలా చేయించారా అని కూడా అడిగింది. నేను వంగి పిల్లకు చెప్పులు తొడగడంలో పడ్డాను.

ఆ రోజు ఇంటికి రాగానే అటక మీది బుట్టలు రెండూ దించి, పిల్ల ముందు టమాటాలు పోశాను. నాలుగు ఏరి, "తాతా, అవ్వ చెప్పిన ఆవు కత చెప్పు" అంది. మొదలుపెట్టాను గానీ సగంలోనే ఆగిపోయాను. ఆవిడ చెప్పే రోజుల్లో, వినడానికి ఇంకా బోలెడు కాలం ఉందిలే అనుకుని, నేను ఏ కథకూ చివరిదాకా కూర్చోలేదు.