ఈ పొద్దు ఎవుర్ని చూస్తివి?

పోయిన నెల కోయంబత్తూరులో ఒక సినిమా చూశాను. పాటల్లేవు, ఫైట్లు లేవు. పిల్లల్ని గడప దాటనివ్వకుండా పెంచిన ఒక అమ్మానాన్నల కథ. సగంలోనే కొందరు లేచి వెళ్ళిపోయారు. బయట టీ తాగుతుంటే నాతో వచ్చిన ఆఫీసు స్నేహితురాలు తమిళంలో, "అంతా డైరెక్టరు పైత్యం. ఇలాంటి ఇల్లు ఎక్కడైనా ఉంటుందా?" అంది. నాకు ఒళ్ళు మండింది. ఉంటుంది తల్లీ! సూలూరు దాటి మట్టిరోడ్డులోకి తిరిగితే ఉంటుంది. నేను పుట్టి పెరిగింది అందులోనే.

మా వైపు రైతులు ఊళ్ళో కాకుండా చేలోనే ఇల్లు కట్టుకుంటారు. దాన్ని తోట్టం అంటాం. చుట్టూ కొబ్బరి, మొక్కజొన్న. పక్కింటి కోడి కూసినా వినపడదు. మా నైనకి అదీ చాలలేదు. నాన్నని మేం నైనా అనే పిలుస్తాం. ఆయన ఇంటి చుట్టూ నిలువెత్తు గోడ కట్టించి, పైన సీసా పెంకులు గుచ్చి, ఇనుప గేటుకి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. నేను పుట్టకముందు ఆయన చెల్లెలు మిల్లు పనికి వెళ్ళి, అక్కడ ఒకతన్ని కట్టుకుని మళ్ళీ రాలేదట. ఆమె పేరేమిటో నాకు ఈరోజుకీ తెలియదు.

నైన మమ్మల్ని ఒక్క దెబ్బ కొట్టి ఎరుగడు. కొట్టినా బాగుండేది, కనీసం కోపం తెచ్చుకోవడానికి ఒక సాకు దొరికేది. ఆయన గొంతు పెంచేవాడు కాదు. బడికి బండి మీద తానే దించి, గంట కొట్టేదాకా గేటు దగ్గర నిలబడేవాడు. ఆదివారం మా గోళ్ళు తానే కత్తిరించేవాడు, మేం పెద్దమనుషులమయ్యాక కూడా. సాయంత్రం కంచాల ముందు కూర్చోగానే ఒక్కొక్కరినీ నెమ్మదిగా అడిగేవాడు.

"ఈ పొద్దు ఎవుర్ని చూస్తివి?"

"ఎవుర్నీ లేదు నైనా."

చెల్లి, నేను, ఆఖరికి అమ్మ కూడా అదే జవాబు చెప్పాలి. చెప్పాకే అన్నం. ఆయన తల్లి, మా అవ్వ, ఒక్కతే దీనికి మినహాయింపు. "నాకు కండ్లే కనపడవు, నన్నేం అడుగుతావు రా" అనేది.

అమ్మ పుట్టిల్లు మదురై అవతల తిరుమంగళం. వాళ్ళ నాయన పోయాడని కబురొచ్చిన రోజు అమ్మ చీర మార్చుకుని గేటు దగ్గర నిలబడింది. నైన తాళం తియ్యలేదు. "అంత దూరం ఎందుకు? ఈడనే తలకి పోసుకో" అన్నాడు, ఎంతో ప్రేమగా. అమ్మ మోటారు తొట్టి దగ్గర ఒక్కతే కూర్చుని చెంబుతో తల మీద నీళ్ళు పోసుకుంది. మా వాళ్ళలో చావుకి పోకపోతే బంధుత్వం తెగినట్టే. మా మేనమామ ఆ తర్వాత మా గడప తొక్కలేదు.

నన్ను పదోక్లాసుతో ఆపేశారు, ఇప్పటి ఈ ఆఫీసు ఉద్యోగం చాలా ఏళ్ళ తర్వాతి మాట. చెల్లి మొండిది, ఏడ్చి కడుపు మాడ్చుకుని ప్లస్ టూ దాకా లాగింది. వాళ్ళ టీచరమ్మ పుణ్యమా అని మదురైలో నర్సింగు సీటు వచ్చింది. చేరడానికి ఆ వారమే గడువు. నైన విని, "సంతోసం కన్నూ" అని దాని తల నిమిరి, పొలంలోకి వెళ్ళిపోయాడు. అంతే. గేటు తాళం తాళంగానే ఉంది. చెల్లి అన్నం మానేసింది. ఈసారి ఎవరూ బతిమాలలేదు. అది ఇక ఎన్నటికీ ఈ గోడ దాటదని నాకు తెలిసిపోయింది. నాలాగే అవుతుంది.

మా పెరట్లో కానుగ చెట్టుంది. ఊరంతా కానుగ పుల్లతో పళ్ళు తోముకుంటుంది గానీ మేం దాని రెమ్మ తుంచం. ఎప్పుడో ఆంధ్రదేశంలో ఒక దొర మా ఇంటి పిల్ల మీద కన్నేస్తే, పెద్దలు పిల్లని తీసుకుని దక్షిణానికి పారిపోయి వచ్చారట. నది పొంగి అడ్డమొచ్చిందట. ఒడ్డున కానుగ చెట్టు వంగి వంతెనైందట. ముందు పిల్ల దాటింది, అది అవతలి దరి చేరేదాకా మగవాళ్ళు ఇవతలే కాపలా నిలబడ్డారు. అందుకని తమిళుల ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, విత్తనం వేసే ముందు ఆ చెట్టుకి పొంగలి పెడతాం. ఇంట్లో చిన్న ఆడపిల్ల పొంగలి బుట్ట పట్టుకుని ఒక్కతే దారి మీదికి వెళ్ళి, మొదట ఎదురైన మనిషికి పెట్టి రావాలి. అది తిరిగొచ్చేదాకా మగవాడు చెట్టు వదలకూడదు, ఎవరూ ముద్ద నోట పెట్టకూడదు. ఏడాదికి ఆ ఒక్కరోజే మా గేటు తెరిచి వదిలేది.

నైన ఈ కథ మాకు వందసార్లు చెప్పాడు. "చూస్తిరా, బయటోళ్ళ కన్ను పడితే ఎంత అగచాట్లో" అని ముగించేవాడు. గోడ కట్టించింది కూడా ఈ కథ చెప్పే. ఆచారమంటే ప్రాణం ఆయనకి.

ఆ ఏడు చెట్టు పండగ చెల్లి గడువు వారంలోనే వచ్చింది. పొంగలి బుట్ట అమ్మ సర్దింది. నేను పక్కనే ఉన్నాను. అడుగున చెల్లి సర్టిఫికెట్లు, ఒక జత బట్టలు, పైన పసుపుగుడ్డ, దాని మీద అరిటాకులో పొంగలి. నాకు కలిగింది చెల్లి గురించి సంతోషం కాదు, నిజం చెప్పాలంటే దాని మీద అసూయ.

నైన తాళం తీసి వచ్చి చెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చెల్లి బుట్ట ఎత్తుకుని గేటు దాటింది. మలుపు దాకా కనపడింది, తర్వాత కొబ్బరిచెట్లు అడ్డమొచ్చాయి. మామూలుగా అయితే రోడ్డు మీద ఏ కూలివాళ్ళకో పెట్టి పరుగున వచ్చేస్తారు. దూరంగా బస్సు హారను వినపడింది. నైన తల ఎత్తాడు. ఒక అడుగు ముందుకు వేశాడు.

"నిలు రా," అంది అవ్వ, అడుగు చప్పుడు విని, అరుగు మీంచి.

"ఆలస్యమయిపోయె మా. పోయి చూసొస్తా."

"పిల్ల రాకుండా చెట్టు ఇడుస్తావా? మీ నాయన ఇడిసినాడా, మీ తాత ఇడిసినాడా? ఆ పొద్దు మగోళ్ళు నిలబడింది పిల్లని ఆపేదానికి కాదు రా, దాటించేదానికి! నా కూతురు దాటిపాయె. దాన్ని తలుచుకొని ఏడ్చేదానికి గూడా నన్ను ఇడిసిపెడితివి కాదు. నిలు!"

అవ్వ అంత గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. నైన ఆగిపోయాడు. ఎండ నడినెత్తికి వచ్చింది, చెట్టు నీడ ఆయన కాళ్ళ కిందికి కుంచించుకుపోయింది. ఆయన మొహం చూస్తే భయమేసింది. జాలి కూడా వేసింది, ఎందుకు దాచాలి. చివరికి అవ్వ కునుకు తీసినప్పుడు బండి తీసుకుని వెళ్ళాడు. సూలూరంతా, సింగానల్లూరు బస్టాండంతా వెతికాడట. అమ్మ చెల్లిని పంపింది తిరుమంగళానికి. తెగిన బంధుత్వం కదా, మామ తలుపు తీస్తాడో లేదో అమ్మకే తెలియదు. తీశాడని మాకు కబురందడానికి చాలా రోజులు పట్టింది.

దీపాలు పెట్టే వేళకి నైన ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఎవరమూ ఏమీ తినలేదు. అమ్మ పొద్దుటి పొంగలే కంచాల్లో పెట్టింది. నైన కూర్చున్నాడు. నా వైపు తిరిగి, రోజూ అడిగినట్టే అడిగాడు.

"ఈ పొద్దు ఎవుర్ని చూస్తివి?"

"ఎవుర్నీ లేదు నైనా." నోరు దానంతటదే అనేసింది.

తర్వాత అమ్మని చూశాడు. "నువ్వు?"

అమ్మ గరిటె కింద పెట్టింది.

"నా బిడ్డని చూస్తిని," అంది. "పోతా ఉండె. ఒగసారి గూడా ఎనక్కి తిరగలా."

నైన కంచంలో చెయ్యి పెట్టలేదు. అమ్మ ఆయన కంచాన్ని ఇంకొంచెం ముందుకి జరిపింది.

"తినండి," అంది. "ఈపాటికి పిల్ల దరి చేరింటాది."