మధ్యాహ్నపు అంకెలు

నలభై ఏళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరు నా మొహం చూడరు కదా.

ఎనభైల మొదట్లో జంషెడ్‌పూర్ శివారులో ఒక జింకల పార్కు ఉండేది. అక్కడ జంతువుల్ని చూసుకునే సింహాచలం మావయ్య, మా అమ్మ తమ్ముడు, నన్ను పనిలో పెట్టించాడు. అంతకుముందు నేను ఒక కార్ఖానాలో ఫర్నేసు దగ్గర లాగ్‌బుక్కు రాసేవాణ్ణి. గంటగంటకీ మీటరు చూసి వేడి రాయాలి. ఎవరు చూశారు? షిఫ్టు చివర్లో ఒక్కసారే, కాస్త అటూ ఇటూ మార్చి నింపేసేవాళ్లం.

పార్కుకి ఒక పశువుల డాక్టరు వచ్చాడు. పట్టుకున్న జింకకి బెదురుతో ఒళ్లు ఎంత వేడెక్కుతుందో, ఎంతసేపటికి చల్లారుతుందో మూడు పూటలా కొలవమన్నాడు. వాటిని అడవికి తరలించడానికి ఏ వేళ క్షేమమో ఆ అంకెలే చెబుతాయన్నాడు. ఉదయం, సాయంత్రం కొలిచాను. మే నెల మధ్యాహ్నాలు మాత్రం షెడ్డులో కూర్చుని, ఉదయం అంకెలకి కాస్త కలిపి రాసేశాను.

మావయ్య కనిపెట్టాడు. "ఏట్రా, మిట్టమజ్జానం థర్మామీటరు ఎప్పుడెట్టినావు?"

"ఫర్నేసు కాడ ఇలాగే రాసీవోలం మావా. చల్తా హై."

"కొలిమికి పేనం నేదురా. దీనికుంది."

నవ్వేశాను.

తరలించే రోజు పొద్దున రావాల్సిన లారీ పదకొండు దాటాక వచ్చింది. రేపటికి వాయిదా వేద్దామా అని డాక్టరు తటపటాయించాడు. నా కాగితం చూసి, ఫరవాలేదు, ఎక్కించండి అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? ఒక్క పూటకి ఏమవుతుందిలే అనుకున్నానా? ఇన్నేళ్లుగా నన్ను నేను ఎన్ని విధాల అడిగినా, దొరికేది ముందు బద్ధకం, ఆ తర్వాత పిరికితనం.

తొమ్మిది జింకల్ని ఎక్కించారు. నేనూ లారీలో వెళ్లాను. అడవి దగ్గర దింపేసరికి ఏడు చచ్చిపోయి ఉన్నాయి. ఇంకొకటి కాళ్లు బిగుసుకుపోయి, రొప్పి రొప్పి నా చేతుల్లోనే పోయింది. దాని ఒళ్లు కాలిపోతోంది. మధ్యాహ్నం జింక ఒంటి వేడి ఎంతో నాకు అప్పుడే తెలిసింది.

ఎక్కించేటప్పుడు జింకల కాళ్లు తాడుతో మరీ బిగించి కట్టాడని మావయ్యని పనిలోంచి తీసేశారు. ఆయన నా వైపు ఒక్కసారి చూసి తల దించుకున్నాడు. అక్క కొడుకునని ఊరుకున్నాడు. చివరిదాకా పర్సుడీహ్ బజార్లో కూరగాయలు అమ్ముకుని బతికాడు, నేను కొనడానికి వెళితే ఒక గుప్పెడు ఎక్కువే వేసేవాడు.

డాక్టరు నా కాగితాలు కూడా వెంట తీసుకెళ్లాడు, వేరే పార్కులవాళ్లకి పనికొస్తాయని. వాటిని నమ్మి ఇంకెక్కడ, ఇంకెన్నింటిని ఎండలో ఎక్కించారో నాకు తెలీదు.

మావయ్య ఆ తాళ్ల ముడులు వదులుగానే వేశాడు. నేను చూశాను. మధ్యాహ్నపు అంకెలు మాత్రం చూడకుండా రాశాను. ఈ రెండు ముక్కలూ ఇవాళ, చూసింది చూసినట్టు రాశాను.