ఓబులేసుకు నేలంతా మెరిసింది

మంగళవారం పొద్దున ఆరు గంటల బస్సుకు కదిరిలో బయలుదేరాను. వజ్రకరూరు పోయి నా తమ్ముడు ఓబులేసును వెంటబెట్టుకుని బుధవారం సాయంత్రానికల్లా తిరిగి రావాలి. గురువారం మా ఊరి హైస్కూల్లో కంటి శిబిరం. వాడి రెండు కళ్ళకూ పొర కమ్మిందని, ఇంకా ముదిరితే లోపలి నరం చెడిపోయి ఆపరేషన్ చేసినా చూపు రాదని కిందటి శిబిరంలోనే డాక్టరమ్మ చెప్పింది. వాడు ఆ మాట పెడచెవిన పెట్టి, తొలివాన పడిందని తెలియగానే వజ్రాలు ఏరడానికి పోయాడు.

ఆ వైపు సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. వజ్రకరూరు చుట్టుపక్కల పొలాల్లో తొలివానకు పైమట్టి కొట్టుకుపోయి, ఎప్పుడైనా ఒక రాయి బయటపడుతుంది. దానికోసం ఎక్కడెక్కడి జనమో చెంబూ తపేలా పట్టుకుని వచ్చి, నడుములు వంచి పొలాల వెంట తిరుగుతారు. ఎవరికో దొరికిందని ప్రతి ఏడూ వింటాం. ఆ ఎవరో మనకు తెలిసినవాడు మాత్రం ఎప్పుడూ కాడు.

నా సంచిలో ఒక చీర, చిత్రాన్నం డబ్బా, నీళ్ళ సీసా, అరచేతిలో పట్టేంత సువార్త పుస్తకం ఉన్నాయి. మేం నరసింహస్వామిని కొలిచేవాళ్ళం. నేను జాకెట్లు కుట్టి బతుకుతాను. మా వీధి రూతమ్మ కొలతలు ఇవ్వడానికి వచ్చి, మిషను మీద ఆ పుస్తకం మరిచిపోయింది. ఊరికే తిరగేస్తే, పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేయరాదని, వేస్తే చినుగు పెద్దదవుతుందని ఏసు చెప్పిన మాట కనిపించింది. నిజమే మరి. కొత్త గుడ్డ ఉతికితే కుంచించుకుపోయి పాతదాన్ని లాగేస్తుంది. ఈ మాట చెప్పినాయన ఇంట్లో సూది పట్టిన ఆడవాళ్ళు ఎవరో ఉండి ఉంటారనుకున్నాను. పుస్తకం తిరిగి ఇవ్వబోతే రూతమ్మ ఉంచుకోమంది. అప్పటినుంచి గుండీలు కుట్టడం అయ్యాక ఒక కథ చదవడం, దానితో మనసులో పోట్లాడడం అలవాటయింది.

అనంతపురం చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. బస్టాండులో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. దారి పొడుగునా దున్ని వదిలిన ఎర్ర నేలలే. రెండేళ్ళు ముఖం చాటేసిన వాన మొన్న ఒక్క రాత్రి పడి పోయింది. ఉరవకొండ బస్సులో నా పక్కన సుమారు యాభై ఏళ్ళ రైతు కూర్చున్నాడు. ఒళ్ళో కొత్త చేతిసంచి. ఆయనా వజ్రకరూరుకే.

"దొరికితే ఏం చేస్తావన్నా?" అని అడిగాను.

"బోరేపిస్తా."

"నీళ్ళు పడకపోతే?"

"మల్ల వానకు ఈడికే వస్తా" అని నవ్వి, కిటికీ వైపు తిరిగాడు.

ఒక పెండ్లిలో నీళ్ళన్నీ ద్రాక్షారసం అయ్యాయని ఆ పుస్తకంలో ఉంది. అది చదివినప్పుడు నాకు కోపమే వచ్చింది. మా వైపు నీళ్ళు నీళ్ళుగా వస్తే చాలు, రసం ఎవడికి కావాలి? ఓబులేసు తన అయిదెకరాల్లో బోరు మీద బోరు వేయించాడు. ప్రతిసారీ దుమ్మే పైకొచ్చింది. చివరికి ఆ నేలా పోయింది. ఆ తర్వాతి ఏడు జ్వరంతో వాడి భార్యా పోయింది. పిల్లలు లేరు. నా దగ్గరే ఉంటూ, వాన పడినప్పుడల్లా వజ్రకరూరు దారి పట్టేవాడు.

ఒకడికి పొలంలో నిధి కనబడిందట. సంతోషంతో పోయి, ఉన్నదంతా అమ్మి ఆ పొలం కొన్నాడట. ఈ కథ నేను చాలాసార్లు చదివాను. వాడికి ముందు నిధి దొరికింది, తర్వాత ఆస్తి అమ్మాడు. మావాడు ముందు అన్నీ అమ్ముకున్నాడు, నిధి కోసం ఇంకా వెతుకుతున్నాడు. అదీ పరాయివాళ్ళ పొలంలో. కథలో రెండు మాటలు అటూ ఇటూ అయితే మనిషి బతుకులో ఇంత తేడా వస్తుంది.

వజ్రకరూరు పోవాలనుకునేవాళ్ళు ఉరవకొండలోనే కడుపునిండా తిని బస్సు మారడం మంచిది. ఒంటిగంటన్నరకు వజ్రకరూరులో దిగాను. వజ్రాలవాళ్ళు ఎక్కడ ఉంటారంటే, బడి వరండా చూపించారు. సెలవులు కాబట్టి బడి ఖాళీ. వరండా నిండా మూటలు, మూడు రాళ్ళ పొయ్యిలు, పడుకున్న జనం. చివరి స్తంభానికి ఆనుకుని ఓబులేసు కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. ఎదురుగా పోయి నిలబడ్డాను.

వాడు తలెత్తి మర్యాదగా, "ఎవురమ్మా? ఈడ చోటు ల్యా. ఆ పక్కకు పోండి" అన్నాడు.

వాడిని చంకన వేసుకుని పెంచినదాన్ని నేను. వంగి వాడి భుజం మీద చేయి వేసి, "నేనురా" అన్నాను.

"అక్కా! నువ్వెప్పుడొస్తివి? ఎండలో నిలబడితే ఎవురో అనుకుంటి."

అక్కడ ఎండ లేదు. నేను వరండా నీడలోనే ఉన్నాను.

చిత్రాన్నం పెట్టాను. వాడు ముద్ద తడిమి తీసుకుని తింటూ, గొంతు తగ్గించి చెప్పాడు. "అక్కా, ఎవురికీ చెప్పద్దు. ఈ ఏడు దేవుడు నాకు దారి చూపినాడు. ముందంతా పొద్దుగూకులు తిరిగినా యాడో ఒకటి తళుక్కుమనేది. ఇప్పుడట్ల కాదు. పొద్దున ఎండ పడితే సాలు, నేలంతా మెరుస్తాండాది. అందరూ ఆ నేలనే చూస్తాండారు గదా, ఒక్కరికీ కనపడల్యా. నాకొక్కనికే."

ఎండలోకి పోతే వెలుతురు చెదిరి, కళ్ళ నిండా మెరుపులు కనిపిస్తాయని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తొచ్చింది. వాడు మూట విప్పి చూపించాడు. తెల్ల గులకరాళ్ళు, గాజు ముక్కలు, ఇంకేవో పెంకులు. వజ్రాలు కొనే వ్యాపారులు వాటిని ముట్టుకోను కూడా లేదట. తక్కువ ధరకు కొట్టేయాలని వాళ్ళు నాటకమాడుతున్నారని వాడి నమ్మకం.

శిబిరం సంగతి చెప్పాను. రూతమ్మ వాడి పేరు రాయించి వచ్చిందని చెప్పాను. వాడు ఒప్పుకోలేదు.

"కట్టు కట్టి ఇంట్లో కూసోబెడతారు. ఆలోపల వానలు పోతాయి, ఈ మెరుపూ పోతాది. ఒక్కటి దొరకనీ అక్కా. ఒక్కటి దొరికితే నేనే వచ్చి ఆ బల్ల మీద పండుకుంటా."

"దొరక్కపోతే?"

"దొరుకుతాది. ఇంత మెరుస్తాంటే దొరక్కుండా యాడికి పోతాది?"

ఆ సాయంత్రం వాడు పొయ్యి ముందు కూర్చుని సంగటి గెలుకుతుంటే నేను పుస్తకం తీశాను. తప్పిపోయిన గొర్రె కోసం కాపరి అడవికి పోయాడు. పోయిన నాణెం కోసం ఒకామె దీపం వెలిగించి ఇల్లంతా ఊడ్చింది. ఇల్లు వదిలిపోయిన కొడుకు కోసం మాత్రం ఎవరూ పోలేదు. తండ్రి ఇంటి దగ్గరే ఎదురుచూశాడు, అన్న అలిగి గుమ్మం బయట నిలబడ్డాడు. ఆ ఇంట్లో ఒక అక్క ఉండి ఉంటే సంచి పట్టుకుని బస్సెక్కి ఉండేది. కానీ ఆమెకు మాత్రం ఏం చెప్పాలో తెలుసా? గొర్రెను భుజాన వేసుకుని రావచ్చు. మనిషిని ఎట్లా తెస్తాం?

బుధవారం తెల్లవారగానే వాడు పొలాలకు బయలుదేరితే, నేనూ వాడి చేయి పట్టుకుని ఊరి బయటికి నడిచాను. గట్ల మీద వాడి కాలు తడబడుతోంది. చేయి పట్టుకుంటే విదిలించుకోలేదు. అంటే వాడికీ లోపల తెలుసేమో అనిపించింది. అప్పటికే జనం పొలాల్లో వంగి తిరుగుతున్నారు. ఒక చేను దగ్గర పొలం ఆసామి, తెల్ల పంచె కట్టిన పెద్దాయన, కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"నిన్ననే విత్తనమేసినా. తొక్కద్దండప్పా. మీరు రాళ్ళేరుకుని పోతారు, నేనేం తిని బతకల్ల?" అని అందరినీ తిడుతున్నాడు.

ఏసు చెప్పిన విత్తనాల కథలో కొన్ని దారి పక్కన పడి, జనం తొక్కి పాడయ్యాయి. ఈయన విత్తనం దారిలో పడలేదు. గొర్రు కట్టి, సాళ్ళల్లో పద్ధతిగా వేశాడు. దారే ఆయన చేలోకి వచ్చింది. ఆ దారి వేసినవాళ్ళలో నా తమ్ముడూ ఉన్నాడు, ఇప్పుడు నేనూ ఉన్నాను. సిగ్గేసి గట్టు మీదే ఆగిపోయాను.

ఇంతలో ఎండ ఏటవాలుగా పడింది. ఓబులేసు ముఖం విచ్చుకుంది. "చూడక్కా, చూడు" అంటూ చేయి చాచాడు. నాకు తడి ఎర్రమట్టి తప్ప ఏమీ కనిపించలేదు. వాడు గట్టు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో తడుముతూ ముందుకు పోయాడు. కొంచెంసేపటికి ఆగిపోయాడు. ఏదో తీసి పంచెతో తుడిచి, పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇదే. అక్కా, ఇదే. నువ్వు సూదిలో దారమెక్కించే మనిషివి, నీ కన్ను తప్పు చెప్పదు. అవునా, కాదా?"

అది గోలీసోడా సీసా ముక్క. నీళ్ళకు ఒరిసి అంచులు నునుపెక్కాయి. లేత పచ్చ రంగు.

వాడి తెల్లబారిన కళ్ళు నా ముఖం వైపు కాక, నా భుజం పక్కన ఎటో చూస్తున్నాయి. తొమ్మిదిన్నరకు బస్సు. రేపు శిబిరం.

"అవునురా" అన్నాను.

పొలం ఆసామి కర్ర ఆనించుకుంటూ మా దగ్గరికి వచ్చాడు. వాడి చేతిలోది చూశాడు. "ఏమప్పా, అది..." అని నవ్వబోయి నన్ను చూశాడు. నా కళ్ళల్లో నీళ్ళు ఆయనకు కనిపించే ఉంటాయి. ఓబులేసు ఆ రాయిని గుప్పిట్లో దాచుకుని, గొంతు వచ్చిన దిక్కుకు తల తిప్పాడు.

ఆసామి, "మంచిదే దొరికిందిలే నాయనా. ఎవురికీ చూపద్దు. మీ అక్కతో ఇంటికి పో" అన్నాడు. తర్వాత వంగి, మా కాళ్ళు పడిన చోట సాలు మీద మట్టి సర్దుకున్నాడు.

తొమ్మిదిన్నర బస్సుకు ఎక్కాం. టికెట్టు తీసుకోవడానికి కూడా వాడు గుప్పిలి విప్పలేదు. ఉరవకొండ దాటాక, "నిద్రపోతే జారిపోతాది, నీ దగ్గర పెట్టుకో" అని నా చేతికిచ్చాడు. కొంగున ముడి వేసుకున్నాను. నా మిషనుకు మోటారు కొంటాడట, కాళ్ళ నొప్పులు లేకుండా. తన నేల తనే మళ్ళీ కొంటాడట, ఈసారి బోరు మాత్రం వేయించడట. భార్య పోయాక వాడు ఇన్ని మాటలు మాట్లాడింది అదే మొదలు.

అనంతపురంలో బస్సు మారాం. కదిరి బస్సులో వాడు కునుకు తీస్తుంటే, ముడి విప్పి దాన్ని కిటికీలోంచి పారేద్దామనుకున్నాను. పోయిందంటే సరిపోతుంది. కానీ పోయిందంటే వాడు చచ్చేదాకా దానికోసం వెతుకుతాడు. పారేయకపోతే కట్టు విప్పిన రోజు చూస్తాడు. అబద్ధం చెప్పింది నేనే, ఏడ్వాల్సింది వాడు. ఆ పుస్తకంలో చూపు వచ్చినవాళ్ళ కథలన్నీ చూపు రావడంతో అయిపోతాయి. మర్నాడు వాళ్ళు ఏమేం చూడాల్సి వచ్చిందో ఎవరూ రాయలేదు. ఇన్నాళ్ళూ నాకు ఆ సందేహం రానే లేదు.

నేను పుస్తకం తిరగేస్తుంటే, కాగితాల చప్పుడుకు వాడు లేచి, "ఏం చదువుతాండావు?" అన్నాడు.

ఒక గుడ్డివాడి కథ చెప్పాను. ఏసు వాడి చేయి పట్టుకుని ఊరి బయటికి తీసుకుపోయి కళ్ళు తాకాడు. ఏమన్నా కనపడుతోందా అంటే, మనుషులు చెట్లు నడిచినట్టు కనపడుతున్నారన్నాడు. రెండోసారి తాకితే అంతా తేటగా కనిపించింది.

ఓబులేసు నవ్వాడు. "నాకూ అట్లనే అక్కా. ఒక చెట్టొచ్చి నా పక్కన కూసున్నట్టుండాది." నా వైపు తిరిగి అడిగాడు, "రెండోసారి తాకినాక, వాడు అన్నిటికన్నా ముందు ఏం చూసినాడంట?"

"అది రాయలేదురా."

"నేనైతే ముందు రాయిని చూస్తా. తర్వాత నీ ముఖం."

బస్సు ముదిగుబ్బ దాటింది. ఎండ నా ఒళ్ళోకి పడుతోంది. వాడు మళ్ళీ కళ్ళు మూసుకున్నాక కొంగుముడి విప్పి ఆ గాజు ముక్కను ఎండకు పట్టి చూశాను. ఎటు తిప్పినా మెరవలేదు. దాన్ని మళ్ళీ కొంగులో పెట్టి, ఊడిపోకుండా రెండు ముళ్ళు వేశాను.